ఉద్యోగం మానేసి రియల్ ఎస్టేట్‌లోకి దిగొచ్చా అని అడిగిన పాలకొల్లు తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పాలకొల్లు దగ్గర ఊరు, ఇరవై ఆరేళ్లు, బీకాం, ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, పద్దెనిమిది వేల జీతం. మొన్న మీ పిన్నిగారి వాళ్ల సైటు నీ ద్వారా అమ్ముడైతే నలభై వేలు చేతికొచ్చాయి, అప్పట్నుంచీ ఉద్యోగం మీద మనసు లేదు, ఇంట్లో నాన్నగారేమో "బ్రోకరు పని మనకెందుకురా" అంటున్నారు. దిగొచ్చా, దిగితే ఎక్కడ మొదలుపెట్టాలి, ముందు కారు కొనాలా అని అడిగావు.

నేను ఈ పనిలోకొచ్చి పంతొమ్మిదేళ్లయింది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, చించినాడ వంతెన దాటితే రాజోలు, అమలాపురం వరకూ తిరిగాను. కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

దిగొచ్చు. కానీ ఉద్యోగం ఇప్పుడే మానొద్దు, కనీసం ఏడాది. ఆ నలభై వేలు నీకు మార్కెట్ ఇచ్చింది కాదు, మీ పిన్నిగారు నీ మీద నమ్మకంతో ఇచ్చింది. రేపు ముక్కూమొహం తెలియని మనిషి తన జీవితకాలపు డబ్బు నీ మాట మీద పెట్టాలంటే చాలా టైము పడుతుంది. నాకు మొదటి ఏడాదిలో తెగిన బేరాలు నాలుగే, పెట్రోలు, ఫోను, కాగితాల ఖర్చులు పోను మిగిలింది లక్షా పదివేలు. అందులో డెబ్బై వేలు ఒకే బేరంలో, అదీ సంక్రాంతి వెళ్లాక వచ్చింది. అంతకుముందు అయిదు నెలలు ఒక్క రూపాయి లేదు. నెల జీతం లేనప్పుడు మనిషికి కంగారు మొదలవుతుంది, ఆ కంగారులోనే కొనేవాడికి చెప్పాల్సిన విషయం దాచేస్తాడు. ఈ పనిలో పాడైపోయినవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లేం కాదు, ఆ నెల ఇంటద్దె కట్టాల్సి వచ్చినవాళ్లు. అందుకే ఆదివారాలు, సాయంత్రాలు ఈ పనికి పెట్టు, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పడ్డాక మిగతా ఆలోచన చెయ్యి. పైగా కలెక్షన్ పనిలో ఊరూరా తిరుగుతున్నావు, ఏ ఇల్లు ఎవరిది, ఎవరికి అప్పులున్నాయి, ఎవరి పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు అన్నది నీకు ఇప్పటికే సగం తెలుసు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, కంపెనీ రికార్డు చూసి అప్పుల్లో ఉన్నవాళ్ల పొలాల మీదికి వెళ్లకు. ఆ పేరు ఒకసారి వచ్చిందంటే పోదు.

మొదలు ఎక్కడంటే, నీ ఊరి చుట్టూ పది పన్నెండు కిలోమీటర్లు గీత గీసుకో. ఆ గీత లోపల ప్రతి పుంత (బండి దారి), ప్రతి బోదె (చేల కాలువ), ప్రతి డ్రెయిను నీకు తెలియాలి. భీమవరంలో గజం రేటు ఎంత, రాజమండ్రిలో ఎంత అని తిరిగేవాళ్లు బోలెడుమంది. ఫలానా ఊరి శివారు చేలకి సర్వాకి (వానాకాలం పంట) నీళ్లెప్పుడొస్తాయి, దాళ్వాకి (రెండో పంట) చివరి తడి అందుతుందా లేదా, పక్క రొయ్యల చెరువు ఊట ఎంత దూరం కొడుతుంది అని చెప్పగలిగేవాడు దొరకడం కష్టం. వాళ్ల కోసమే జనం వెతుక్కుంటూ వస్తారు. నేను మొదటి రెండేళ్లు అమలాపురం, కాకినాడ అంటూ తిరిగి పెట్రోలు తగలేసుకున్నాను, చేసిన బేరాలన్నీ మా మండలంలోనివే.

కొలతలు నోటికి రావాలి. ఎకరానికి వంద సెంట్లు, 4840 గజాలు, సెంటుకి 48.4 గజాలు, మన వైపు పది సెంట్లు కుంచం. పెద్దవాళ్లు కుంచాల్లో చెప్తారు, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు గజాల్లో అడుగుతారు, మధ్యలో నువ్వు ఫోన్ తీసి లెక్కేసుకుంటూ కూర్చుంటే ఇద్దరికీ నమ్మకం పోతుంది.

ఇక కాగితాలు. అసలు పని ఇదే. మాటకారితనం ఉంటే ఈ పని వస్తుందనుకుంటారు, నేను చూసిన మంచి ఏజెంట్లంతా తక్కువ మాట్లాడేవాళ్లే, దస్తావేజు మాత్రం చివరి పేజీ వెనక ముద్ర దాకా చదువుతారు. ఎవరైనా "సైటుందండీ, అమ్మిపెట్టండి" అంటే ముందు సైటు చూడ్డానికి వెళ్లకు, కాగితాలు అడుగు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, వరసగా ఉన్నాయా, వాళ్లకి ఆస్తి ఎలా వచ్చింది, క్రయమా, దఖలా (ఇంట్లోవాళ్లకి రాసివ్వడమా), వీలునామానా, పంపకాలా. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా, తీయించు. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. పొలమైతే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (ఎవరి సాగులో ఉందో చెప్పేది), 1బి (ఎవరి పేరున ఉందో చెప్పేది) చూడు. అడంగల్‌లో అనుభవదారు కాలమ్ దగ్గర ఆగి చూడు, అక్కడ వేరే పేరుంటే ఆ మనిషి ఎవరో తెలుసుకునేదాకా బేరం ఎత్తకు. కౌలుదారైతే ఆయనతో మాట్లాడించు. 1956 నాటి కౌలుదారీ చట్టం ప్రకారం, కౌలులో ఉన్న పొలం అమ్మదలిస్తే ముందు కౌలుదారుకి చెప్పాలి. చట్టం సంగతి అటుంచినా, పదేళ్లుగా ఆ చేనులో దమ్ము చేసి ఊడుస్తున్న మనిషికి చెప్పకుండా రాత్రికి రాత్రి అమ్మించడం మంచిది కాదు.

తర్వాత 22ఏ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు రాసి ఉంటాయి, అవి రిజిస్టర్ అవ్వవు. కోనసీమలో గుళ్ల మాన్యాలు, సత్రం భూములు ఊరూరా ఉన్నాయి, మూడు తరాలుగా సాగు చేసుకుంటున్నారు కాబట్టి సొంతమే అనుకుని అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. డీ పట్టా, అంటే అసైన్డ్ భూమికిచ్చే పట్టా, దాని సంగతీ అంతే. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. 2023లో సవరణ వచ్చాక "ఇరవై ఏళ్లు దాటాయండీ, ఇప్పుడు ఫ్రీ అయిపోయింది" అని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మాట నమ్మకు, ఆ రోజు ఆ నంబరు జాబితాలో ఉందా లేదా అన్నదే చూసుకో.

రీసర్వే అయిన ఊళ్లలో ఇంకో చిక్కుంది. 2020 డిసెంబర్‌లో మొదలైన ఆ సర్వే పూర్తయిన చోట పాత సర్వే నంబరు పోయి, కొత్త భూమి పటం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) ప్రకారం ఎల్‌పీఎం నంబరు వచ్చింది. దస్తావేజులో ఒక నంబరు, 1బిలో ఇంకో నంబరు, విస్తీర్ణంలో రెండు మూడు సెంట్లు తేడా. కొన్నిచోట్ల అన్నదమ్ములందరికీ కలిపి ఒకటే జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చేశారు, అది విడగొట్టించకుండా ఒకరి వాటా అమ్మడం తలనొప్పి. అందుకే ముందు సర్వేయర్‌తో కొలిపించు, ఆ తర్వాతే రేటు మాట్లాడించు. బయానా (అడ్వాన్స్) ఇచ్చాక కొలిస్తే వచ్చేవి గొడవలే.

ఇవన్నీ చూసినా కాగితంలో కనపడనిది ఒకటుంటుంది. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే జరిగింది.

ఈ పనిలోకొచ్చిన మూడో ఏడు. ఆచంట వైపు ఎకరం ఇరవై సెంట్ల చేను, ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నారు. కాగితాలన్నీ వాళ్ల పేర్ల మీద, ఈసీ శుభ్రంగా ఉంది. బయానా రోజు వాళ్లింటి అరుగు మీద కూర్చున్నాం. కొనేవాళ్లు అయిదు లక్షలు తెచ్చారు, కాగితం రాస్తున్నారు. గుమ్మంలో నించున్న వాళ్లమ్మగారు, డెబ్బై దాటిన మనిషి, పెద్దకొడుకు వైపు చూసి "మరి అమ్మాయి చేనో?" అంది. ఆయన వెంటనే "నువ్వు లోపలికెళ్లి కాఫీ సంగతి చూడమ్మా" అన్నాడు. ఆ మాట నా చెవిన స్పష్టంగా పడింది. అడగాలి అనిపించింది కూడా. కానీ బేరం తెగే సమయంలో ఇంటి విషయాల్లో దూరడం ఎందుకులే అని ఊరుకున్నాను. నిజానికి ఆ నెల నాకు కమిషన్ చాలా అవసరం.

విషయమేంటంటే ఆ ఇంటి ఆడపిల్లకి పెళ్లిలో ఇరవై సెంట్లు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. నోటి మాటే, కాగితం లేదు. ఏటా పంట రాగానే రెండు బస్తాల బియ్యం ఆవిడ అత్తారింటికి వెళ్తున్నాయి, ఊళ్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. రిజిస్ట్రేషన్‌కి వారం ముందు ఆవిడ లాయర్ నోటీసు పంపింది. కొనేవాళ్లు వెనక్కి తగ్గి బయానా అడిగారు. ఆ డబ్బు అప్పటికే చిన్న తమ్ముడి చెరువు మేత బాకీకి వెళ్లిపోయింది. పద్నాలుగు నెలలు తిరిగాను తమ్ముడూ, ఆ ఇంటికీ ఈ ఇంటికీ. మూడు విడతల్లో డబ్బు వెనక్కి ఇప్పించాను, ఆఖరి విడతలో తగ్గిన ముప్పై వేలు నేనే వేశాను. కొనాలనుకున్నవాళ్లు ఆ తర్వాత నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు. అక్క తమ్ముళ్లు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదని విన్నాను. ఆ రోజు అరుగు మీద నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అందరం కాఫీ తాగి లేచిపోయేవాళ్లం, అంతకు మించి ఏం జరిగేది కాదు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది "మీ ఆడపడుచులు ఎంతమందండీ, వాళ్ల నంబర్లు ఇవ్వండి" అని. తాతల నాటి ఆస్తిలో కూతుళ్లకి వాటా మన రాష్ట్రంలో చట్టం 1985 నుంచే ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది, 2020లో సుప్రీం కోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. కానీ మన వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ "కట్నం ఇచ్చేశాం కదండీ" అంటారు. వాళ్లతో వాదించకు, ఆడపిల్లల సంతకం లేకుండా మాత్రం బేరం తెచ్చుకోకు. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆవిడతో పది నిమిషాలు మాట్లాడు. దస్తావేజులో లేని చరిత్ర అంతా ఆవిడ దగ్గర ఉంటుంది.

సరే, ఇప్పుడు నేల గురించి. మనది డెల్టా, మెట్ట జిల్లాల నుంచి వచ్చిన పుస్తకం లెక్కలు ఇక్కడ పనికిరావు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయినప్పట్నుంచీ మన భూమి విలువంతా నీటిని బట్టే ఉంది, నీళ్లు రావడం ఎంత ముఖ్యమో పోవడం అంతకంటే ముఖ్యం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక చేనంతా ఎండి బీటలు తీసి ఉంటుంది, రాళ్లు పాతి రంగులేసి ప్లాట్లంటే ముచ్చటగానే కనపడుతుంది. అదే సైటు సెప్టెంబర్‌లో చూడు. యనమదుర్రు డ్రెయిను పొంగినప్పుడు భీమవరం చుట్టుపక్కల ఏ వీధిలో ఎంత ఎత్తు నీళ్లు నిలుస్తాయో నేను ఏటా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుంటాను, ఊరిపేరు, తారీకు రాసుకుని. కొనడానికి వచ్చినవాళ్లకి ముందు అవే చూపిస్తాను. మొదట్లో అమ్మేవాళ్లు కోపపడేవారు. ఇప్పుడు వాళ్లే "ఆయన చూపించాక కూడా కొన్నారంటే ఇక గొడవ రాదు" అంటున్నారు.

పల్లం సైటు చౌకగా ఉంటే, చౌక ఎంతో లెక్క కట్టి చెప్పు. రెండొందల గజాల సైటు రోడ్డుకి నాలుగడుగులు పల్లం అనుకో. 1800 చదరపుటడుగులు, నాలుగడుగుల మట్టి అంటే 7200 ఘనపుటడుగులు, ట్రాక్టరుకి వంద వేసుకున్నా 72 ట్రాక్టర్లు. ఒక వానాకాలం గడిచాక అది అణుగుతుంది, మళ్లీ తోలాలి. అప్పుడు నల్లమట్టి మీద పునాది ఖర్చు వేరే. ఈ లెక్క నువ్వు ముందే కాగితం మీద వేసి ఇస్తే, రేటు దగ్గర నువ్వు మాట్లాడక్కర్లేదు, వాళ్లే మాట్లాడుకుంటారు. నీళ్ల సంగతి కూడా చెప్పు, బోరు వేస్తే ఉప్పు నీళ్లా మంచి నీళ్లా అని పక్కింటివాళ్లని అడిగి, ఒక గ్లాసు తాగి చూసి మరీ చెప్పు.

కోనసీమ వైపు వెళ్తే గ్యాస్ పైపులైన్లు చూసుకోవాలి. ఒకసారి మామిడికుదురు వైపు అరవై సెంట్ల కొబ్బరి తోట, హైదరాబాద్‌లో స్థిరపడినాయన ఇల్లు కట్టుకోవడానికి అడుగుతున్నారు. తోట చాలా బాగుంది. కానీ లోపలికి నడుస్తుంటే వరసల మధ్య ఒకచోట మూడు నాలుగు బారల మేర అసలు చెట్టే లేదు, ఆ ఖాళీ గట్టు నుంచి గట్టు దాకా తిన్నగా పోతోంది. గట్టు మీద ఒక రాయి, దాని నిండా దొండపాదు అల్లుకుని ఉంది. "ఇదేంటండీ" అంటే తోటాయన "సర్వే రాయండీ" అన్నారు. నేను పాదు పక్కకి తీసి చూశాను, పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, పైపులైను హెచ్చరిక. 1962 చట్టం ప్రకారం అలాంటి మేరలో భూమి యజమానిదే అయినా కట్టడం కట్టకూడదు, చెట్టు నాటకూడదు, బావి, చెరువు తవ్వకూడదు. 2014 జూన్ 27న ఆ పక్కనే నగరం గ్రామంలో పైపులైను పేలి ఎన్ని ప్రాణాలు పోయాయో మన వైపు ఎవరూ మర్చిపోలేదు. నేను కొనేవాళ్లకి ఆ రాయి దగ్గరే నిలబడి చెప్పాను. వాళ్లు మానుకుంటారనుకున్నాను. రెండు వారాలు ఆలోచించి, రేటు తగ్గించి మాట్లాడుకుని, పైపుకి దూరంగా తోట రెండో చివర ఇల్లు కట్టుకునే ప్లాను వేయించుకుని కొన్నారు. ఆ తర్వాత వాళ్ల స్నేహితులు ముగ్గురు నా దగ్గరకొచ్చారు.

నీకు చెప్పాలనుకున్నది అదే. లోపం ముందు చెప్పు, గొప్ప తర్వాత చెప్పు. లోపం తెలిసి కొన్నవాళ్లు నిన్ను పదిమందికి చెప్తారు. తర్వాత తెలుసుకున్నవాళ్లు కూడా పదిమందికి చెప్తారు.

కొల్లేరు వైపు, ఆకివీడు, కైకలూరు దగ్గర చేపల చెరువులు చౌకగా ఉన్నాయని ఎవరైనా తెస్తే ఆగు. 1999లో జీవో 120తో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల అభయారణ్యం ప్రకటించారు, 2006లో గట్లు కొట్టేశారు. లోపల జిరాయితీ (సొంత) పట్టా ఉన్న భూములు కూడా ఉన్నాయి, పట్టా నిజమే, కానీ అక్కడ చెరువు వేసుకోనివ్వరు. పట్టా చూపించి చెరువు ధర అడిగితే అది మోసం కిందే లెక్క. లంక భూములు కూడా అంతే జాగ్రత్త, గోదావరి ఈ ఏడు ఎక్కడ కోసిందో వెళ్లి చూసుకోవాలి, కాగితంలో రెండెకరాలు ఉండి నేల మీద ఎకరంన్నరే ఉన్న చోట్లు ఉన్నాయి.

వెంచర్ల సంగతి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లని వెంచర్ల వాళ్లు మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ అని పెట్టుకుంటారు, నీక్కూడా ఫోన్లు వచ్చే ఉంటాయి. అదేం తప్పు పని కాదు, కానీ రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం తెలుసుకుని వెళ్లు. అయిదొందల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి గాని ఎనిమిది దాటిన ఫ్లాట్లకి గాని రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, అందులో ప్లాట్లు అమ్మే ఏజెంటుకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకి పదివేల చొప్పున, ఆ ప్లాటు విలువలో అయిదు శాతం దాకా జరిమానా. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. పాత ఇళ్లు, పొలాలు చూసేవాళ్లకి ఈ నంబరు తప్పనిసరి కాకపోయినా, నువ్వు మాత్రం తీసుకో. "బ్రోకరు పని మనకెందుకురా" అంటున్న నాన్నగారికి నీ పేరు, నంబరు ఉన్న ఆ కాగితం చూపించు, కొంత కుదుటపడతారు.

"అప్రూవల్ వచ్చేస్తుందండీ, ఫైలు పైన ఉంది" అనే లేఅవుట్ జోలికి వెళ్లకు. పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చే కన్వర్షన్ రూల్స్ కూడా ఈమధ్య మారాయి, జనం ఇప్పటికీ నాలా అనే అంటారు గాని పాత లెక్కలు చెప్పకు, ఎప్పటికప్పుడు ఆఫీసులో కనుక్కుని చెప్పు. స్వాధీన అగ్రిమెంటు, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) కాగితాల మీద చేతులు మారుతున్న సైట్లు తేకు. అలాంటి కాగితాలతో యాజమాన్య హక్కు రాదని 2011లోనే సుప్రీం కోర్టు చెప్పింది. ఇంకా ఊళ్లలో అలా అమ్ముతూనే ఉన్నారు, పాపం పెన్షన్ డబ్బులు పెట్టి కొన్నవాళ్లు నాకు తెలుసు.

డబ్బు విషయానికొస్తే, మన వైపు మామూలుగా ఇటో శాతం, అటో శాతం. పెద్ద బేరాలైతే అర శాతం. మొదటి రోజే చెప్పు, కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. ఓవర్ రేటు మాత్రం వద్దు. అంటే అమ్మేవాళ్లకి గజం ఇంత అని చెప్పి, కొనేవాళ్లకి రెండు వేలు ఎక్కువ చెప్పి మధ్యది తినడం. చాలామంది చేస్తున్నారు, మొదటి రెండేళ్లు కార్లు కూడా కొంటారు. కానీ మనవి చిన్న ఊళ్లు, అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఏదో పెళ్లిలో ఒకే బంతిలో కూర్చుంటారు, అక్కడ మాట బయటికొస్తుంది. అమ్మేవాళ్లని, కొనేవాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టు.

కొనేవాళ్లకి మొత్తం ఖర్చు ముందే చెప్పు. మన రాష్ట్రంలో క్రయ దస్తావేజుకి స్టాంపు డ్యూటీ అయిదు శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం, అన్నీ కలిపి ఏడున్నర. నలభై లక్షల దస్తావేజంటే మూడు లక్షలు పక్కన పెట్టుకోవాలి. ఇల్లో సైటో యాభై లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లే ఒక శాతం టీడీఎస్ (ధరలోంచి కోసి కట్టే పన్ను) కట్టాలి. నగదుగా ఇరవై వేలు, అంతకు మించి బయానా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, ఎంత తీసుకుంటే అంత జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారానే ఇప్పించు. ఆ డబ్బు ఒక్క పూట కూడా నీ ఖాతాలో ఉండనివ్వకు, నేరుగా వాళ్ల నుంచి వీళ్లకే వెళ్లాలి.

నీకు ఎక్కువ పని వచ్చేది సంక్రాంతికే. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి అందరూ ఇళ్లకొస్తారు, పందేలు అయ్యాక కనుమ రోజు అన్నదమ్ములంతా ఒకచోట కూర్చున్నప్పుడే "ఆ చేను అమ్మేద్దామా" అనే మాట వస్తుంది. డిసెంబర్‌లోనే కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టుకో, ఎందుకంటే వాళ్లుండేది నాలుగు రోజులు. తర్వాత దాళ్వా కోతలయ్యాక కొంత ఊపు ఉంటుంది, ఆషాఢంలో, మూఢంలో ఎవరూ కదలరు, ఆ నెలల్లో కొలతలు, ఈసీలు చూసుకో. వాస్తు సంగతి నీ అభిప్రాయం ఏదైనా సరే, వీధిపోటు ఉంటే ముందే చెప్పేయ్.

విదేశాల్లో ఉన్నవాళ్లతో రెండు మూడు విషయాలు గుర్తుపెట్టుకో. ఎన్నారైలు తాతల పొలం అమ్ముకోవచ్చు గాని కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. అక్కడ రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. వాళ్ల దగ్గర సైటో ఇల్లో కొంటే ఆ ఒక శాతం లెక్క చెల్లదు, కోత వేరు, నువ్వు చెప్పకు, ఆడిటర్ దగ్గరికి పంపు. పవర్ ఇచ్చిన మనిషితో వీడియో కాల్‌లో నువ్వే ఒకసారి మాట్లాడు, అమ్మకం సంగతి, రేటు సంగతి ఆయనకి నిజంగా తెలుసా అని. ఒక్కోసారి తెలియదు.

మొదట చేయాల్సిన పనేంటంటే, ఈ ఆదివారం మీ సొంత ఇంటి కాగితాలు బయటికి తీయి. మీ తాతగారికి ఎలా వచ్చింది, ఈసీలో ఏముంది, కొలిస్తే దస్తావేజు ప్రకారం ఉందా, మీ మేనత్తల సంతకాలు ఉన్నాయా. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. అర్థం కాని మాటలు రాసుకుని మీ ఊరి దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లు, నెలకి నాలుగు సాయంత్రాలు ఆయన బల్ల పక్కన కూర్చోనిస్తారేమో అడుగు. నేను అలాగే ఒకాయన దగ్గర ఏడాదిన్నర కూర్చున్నాను, పైసా ఇవ్వలేదు, తీసుకోలేదు, నాకొచ్చిన విద్యలో సగం ఆ బల్ల దగ్గరదే.

కారు ఇప్పుడు వద్దు. బైకు చాలు, పుంతల్లో కారు వెళ్లదు, వెళ్లినా తిప్పుకోవడానికి చోటుండదు. డిక్కీలో ఒక జత రబ్బరు చెప్పులు, గొడుగు, యాభై మీటర్ల టేపు పెట్టుకో. కొనేవాళ్లు కారులో వస్తే రోడ్డు మీద ఆపించి, చేను దాకా గట్టు మీద నడిపించు.